వేటకు చీటీ ఎవరికి?



ఈ పుటలో నేను అక్షరం వ్రాసి నాలుగు నెలలు కావస్తున్నది. ఆరోగ్యం బాగున్నదా అని ఇద్దరు ముగ్గురు ఆప్తులు ఉత్తరాలు వ్రాశారు. వారికి కృతజ్ఞతలు. ఆరోగ్యానికి లోటు లేదు, నిద్రకే లోటు. మొయినాబాదుకు, చేవెళ్ళకు నడుమ, మర్రిచెట్ల బీజాపూరు బాటకు మూడు కిలోమీటర్ల లోపల నాకు రెండెకరాల పది గుంటల చేను గలదు. ఈ వానాకాలం అందులో మక్కజొన్న వేశాను. కంకి పాలుపోసుకున్న నాటి నుండి కోతదాకా నా రాత్రులు మంచెమీద, పగళ్ళు మంచంమీద గడిచినవి. ముప్పది అయిదేండ్లు పిల్లలకు ఛందస్సు చెప్పిన తెలుగు పండితునికి మంచెమీద పనియేమిటందురా? అడవి పందులను అదిలించుట. ఈనాటి టపా ఆ మంచెమీద పుట్టినదే.

ఒకనాటి రాత్రి పదకొండింటికి మావాడు సియాటిల్ నుండి ఫోను చేశాడు. వారికి అప్పుడు పగలు. మాటలలో తన కార్యాలయంలోని ఒక మిత్రుని సంగతి చెప్పాడు. ఆయన ఏటేటా మోంటానా రాష్ట్రానికి పోయి ఎల్క్ అనే పెద్ద దుప్పిని వేటాడాలని ఉబలాటపడతాడట. ఊరకే పోయి వేటాడుటకు వీలులేదు, లైసెన్సు కావలె. ఆ రాష్ట్రంలో నివసించేవానికి అది కొన్ని పదుల డాలర్లకు వస్తుంది. బయటి రాష్ట్రంవాడు వెయ్యి డాలర్లకు పైగా చెల్లించాలి. చెల్లిస్తానన్నా వెంటనే దొరకదు, చీటీలు తీస్తారు, పేరు వస్తేనే వేట. ఈయన పేరు ఈసారి కూడ రాలేదట.

"నాయినా, ఇది అన్యాయం గాదా? ఒకటే దేశం గదా? ఊరోనికొక ధర, పొరుగోనికొక ధరనా?" అని అడిగాడు.

నేను సమాధానం చెప్పబోయేలోగా చేను తూర్పు గట్టున కంకులు విరుగుతున్న చప్పుడు వినబడింది. "మళ్ళ మాట్లాడుత బిడ్డా" అని ఫోను పెట్టి డబ్బా అందుకున్నాను. పందులు పోయినవి గాని ప్రశ్న పోలేదు. మావాడు అడిగినది అమెరికా దుప్పి గురించి. నాకు తోచినది మా ఊరి పంది గురించి. రెండింటి అడుగున ఉన్న ప్రశ్న ఒక్కటే: అడవి మృగం ఎవరి సొత్తు? దానిని కొట్టే హక్కు ఎవరికి ముందు రావాలి?

మృగమనే మాటలోనే కొంత సమాధానం ఉన్నది. 'మృగ్' ధాతువునకు వెదకుట అని అర్థము. వెదకబడేది మృగము, వెదకులాట మృగయ. అంటే మనిషి అడవికి పోయి దానిని వెదకాలి. సియాటిల్ పెద్దమనిషి చేయదలచుకున్నది అదే. నా చేనిలో జరుగుతున్నది దానికి తలక్రిందులు. ఇక్కడ మృగమే మనిషిని వెదకుకుంటూ వస్తున్నది. ఈ భేదాన్ని మనసులో ఉంచుకొని తక్కినది చదువవలసినదిగా కోరుతున్నాను.

ముందుగా మావాని ప్రశ్నకు సమాధానం. ఈ తగవు కొత్తది కాదు. 1976లో మోంటానాలో స్థానికునికి పెద్ద వేటల ఉమ్మడి లైసెన్సు 30 డాలర్లు, బయటివానికి 225 డాలర్లు. ఎల్క్ ఒక్కటే చాలునంటే స్థానికుడు 9 డాలర్లతో సరిపుచ్చుకోవచ్చును. బయటివానికి ఆ వెసులుబాటు లేదు, మొత్తం 225 కట్టవలసినదే. అంటే ఒకే దుప్పికి ఇరవై అయిదు రెట్లు. బాల్డ్విన్ అనే వేట మార్గదర్శి, మరికొందరు బయటి రాష్ట్రపు వేటగాళ్ళు కలసి దావా వేశారు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. 1978లో ఆరుగురు న్యాయమూర్తులు మోంటానా పక్షాన, ముగ్గురు ఎదురుపక్షాన నిలిచారు. వేట వినోదమే గాని జీవనోపాధి కాదు, వినోదంలో అందరికీ సమాన ధర ఉండి తీరాలని రాజ్యాంగం చెప్పదు అని పై ఆరుగురి సారాంశం. ఆ మృగాలను పోషించుకొస్తున్నది స్థానికుల పన్నులు, స్థానికుల నేల. మృగాల సంఖ్య పరిమితం. కనుక ఇంటివానికి ముందు పీట వేయుట తప్పుకాదన్నారు. ఖర్చుకు పొంతన లేకుండా కేవలం పొరుగువాడన్న కారణంగా అంత ఎక్కువ గుంజుట సమంజసమా అని తక్కిన ముగ్గురి ఆక్షేపణ.

నేను ఆరుగురి పక్షమే. కారణం వారు చెప్పినదానికంటె కొంచెం వేరు. మృగంతో కలసి బ్రతికేవాడు, దాని వలన కలిగే నష్టం భరించేవాడు ఎవడో, దాని విషయంలో మొదటి మాట వానిది కావాలి. పొరుగువాడు సరదాకు వచ్చి సరదాకు పోతాడు. వాని సరదాకు ధర కట్టుట అన్యాయం కాదు.

సరే, అది వారి దేశం. ఇక మన సంగతి.

మన ప్రాంతంలో ఒకప్పుడు వేట అంటే దొరల వినోదం. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ముప్పదికి పైగా పులులను కొట్టాడని ప్రసిద్ధి. 1902లో వైస్రాయి కర్జను హైదరాబాదు రాజ్యానికి వచ్చి చంపిన పులి ప్రక్కన నిలిచి దిగిన ఛాయాచిత్రాన్ని మీలో చాలామంది చూసియుందురు. పోచారం అడవి నిజాముల వేటస్థలం. 1952లో అది అభయారణ్యమైంది. ఆ రోజులలో బయటివాడు చెల్లించే రుసుము ఏమీ లేదు. అతిథికి మర్యాదగా వేట సమర్పించేవారు. రుసుము చెల్లించినది ఊరివారే, కూలిలేని చాకిరి రూపంలో. హాకా కొట్టాలి, దారి చూపాలి, మోయాలి. చేనును తిన్న పందిని రైతు కొడితే నేరం, చేనును త్రొక్కిన దొర గుర్రానికి మాత్రం దండం.

మన ప్రబంధాలలో వేట వర్ణన లేనిది అరుదు. ధూర్జటి తిన్నని వేటను వర్ణించిన ఘట్టాన్ని నేను తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు నోళ్ళు తెరచుకొని వినేవారు. అయినా మన శాస్త్రకారులు వేటను సప్తవ్యసనాలలో చేర్చారు. కౌటిల్యుడు ఒక్కడు దానిని కొంత వెనకేసుకొచ్చాడు. జూదంకన్న వేట నయమనీ, అందులో వ్యాయామం, గురి కుదురుట వంటి లాభాలున్నవనీ అన్నాడు. వ్యసనమని తేల్చినా, వ్యాయామమని మెచ్చినా, వారు మాట్లాడినది రాజు వేట గురించే. చేను కాచుకొనేవాని వేట వ్యసనమూ కాదు, వ్యాయామమూ కాదు. దానికి మన శాస్త్రాలలో పేరు లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత తుపాకీ ఉన్న ప్రతివాడూ దొర అయ్యాడు. జీపులు, దీపాలు వచ్చినవి. మా పెదనాయన వద్ద పంట రక్షణ కోసం లైసెన్సు పొందిన నాటు తుపాకి ఒకటి ఉండేది. 1959 ఆయుధాల చట్టంలోనే గొట్టంలో మందు దట్టించే తుపాకికి పంట కాపలా నిమిత్తం లైసెన్సు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. ఆయన పందిని కొట్టిన రోజు వాడకట్టంతా పండుగే. నేనూ తిన్నాను, దాచవలసిన పని లేదు. అయితే ఆయనే చెప్పేవాడు, పట్నం నుండి జీపులలో వచ్చేవారు పందుల జోలికి పోయేవారు కారనీ, జింకలనే కొట్టుకొనిపోయేవారనీ. చేనుకు నష్టం చేసేది మిగిలింది, చేయనిది పోయింది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. చాలామంది ఆనాటి నుండే వేట పూర్తిగా నిషిద్ధమనుకుంటారు. అది సరికాదు. ఆ చట్టంలో మొదట పెద్ద వేటకు, చిన్న వేటకు వేరువేరు లైసెన్సుల ఏర్పాటు ఉండేది. 1991 సవరణతో ఆ లైసెన్సులన్నీ రద్దయినవి. అప్పటి నుండి ఈ దేశంలో వినోదం కోసం వేటాడే హక్కు ఊరివానికీ లేదు, పొరుగువానికీ లేదు. వెయ్యి డాలర్లు కాదు, కోటి రూపాయలు పోసినా లేదు. ఇది మంచి పని అని నా అభిప్రాయం. ఆ సవరణ రాకుంటే నా మనవరాలు కృష్ణజింకను పుస్తకంలోనే చూసేది.

అయితే చట్టంలో ఒక చిన్న కిటికీ ఉంచారు. పదకొండవ సెక్షను ప్రకారం ఒక మృగం మనుషుల ప్రాణానికో, నిలిచియున్న పంటతో సహా ఆస్తికో ప్రమాదకరమైనదని ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు, లేక ఆయన అధికారమిచ్చిన అధికారి తృప్తిపడితే, కారణాలు వ్రాసి దానిని చంపుటకు అనుమతించవచ్చును. అడవి పంది మునుపు మూడవ షెడ్యూలులో ఉండేది, 2022 సవరణ తరువాత రెండవ దానిలోకి వచ్చింది. ఆ కిటికీ మాత్రం అలాగే ఉన్నది. నా ఫిర్యాదు చట్టంమీద కాదు. ఆ కిటికీ గుండా ఎవరి చేయి దూరుతున్నదన్న దానిమీద.

పందులు ఇంతగా ఎందుకు పెరిగినవంటే, మా తావున నాకు కనబడే కారణాలు ఇవి. జంట జలాశయాల రక్షణకని 1996లో వచ్చిన 111వ జీవో 84 గ్రామాలలో నిర్మాణాలను కట్టడి చేసింది. దాని వెనుక ఉద్దేశం గొప్పది, నేను కాదనను. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ మరొక ఉత్తర్వు వచ్చింది. ఈ రెంటి నడుమ పట్నంవారు కొన్న భూములు ఎన్నో. కొన్నిటిలో ఫారం హౌసులు లేచినవి, ఎన్నిటికో ప్రహరీ మాత్రమే లేచింది. ఆ గోడల లోపల సాగు లేదు, సర్కారు తుమ్మ పెరిగింది. ఒక మూల గోడ కూలితే చాలు, పందుల మందకు పగటి విడిది సిద్ధం. రాత్రికి విందు మా చేలలో. ఇక పందిని తినే మృగమా, లేదు. 2020లో రాజేంద్రనగరు పరిసరాలలో తిరిగిన చిరుతను బోను పెట్టి పట్టుకొని తరలించారు. జనం నడుమ చిరుతను ఉంచలేరు, అది న్యాయమే. కాని తినేదానిని తీసివేసి, తినబడేదానిని వదిలివేస్తే లెక్క ఎక్కడ తేలుతుంది? ఒక ఆడపంది ఒక్క ఈతలో నాలుగైదు పిల్లలను, కొన్నిసార్లు అంతకు మించి పెడుతుంది.

మేము చేయని ఉపాయం లేదు. చేను చుట్టూ పాత చీరలు కట్టాము. మంగలి దుకాణం నుండి వెంట్రుకలు తెచ్చి గట్లమీద చల్లాము. గుళికల మందు మూటలు వ్రేలాడదీశాము. మక్కజొన్న చుట్టూ ఆముదం వరుసలు వేశాము. వ్యవసాయ విశ్వవిద్యాలయంవారు చెప్పిన ఈ చివరి ఉపాయం కొంత మేలు చేసింది. అయితే పంది మొద్దుజీవి కాదు. వారం పది దినాలు అనుమానిస్తుంది, ఆ తరువాత అలవాటు పడుతుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. ఇది వ్రాయుటకు ఇన్నేండ్లు వెనుకాడినాను.

2019 వానాకాలంలో నా చేనికి ఆనుకొని ఉన్న రైతు గట్టు వెంట కరెంటు తీగ లాగాడు. సాయంకాలం తగిలించి తెల్లవారుజామున తీసేవాడు. అది నేరమని వానికి తెలుసు, నాకూ తెలుసు. వాడు నా విద్యార్థి. ఒకమాట గట్టిగా చెబితే వినేవాడు. నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడ నాకు తెలుసు. ఆ తీగ నా చేనును కూడ కాచింది. ఆ ఇరవై రోజులు నేను ఇంట్లో నిద్రపోయాను.

ఇరవై ఒకటవ నాడు తెల్లవారకముందే, తప్పిపోయిన లేగదూడను వెదకుకుంటూ వచ్చిన ఇంకొకడు ఆ తీగమీద పడ్డాడు. వాడూ నా విద్యార్థియే. పదవ తరగతిలో పద్యాలు రాగయుక్తంగా చదివేవాడు. ముప్పది రెండేండ్లవాడు, ఇద్దరు పిల్లలు. తీగ పెట్టినవాడు జైలుకు పోయాడు. ఒకే బెంచీమీద కూర్చున్న ఇద్దరు పిల్లల రెండు ఇండ్లూ ఒక్క తెల్లవారుజామున కూలినవి. పంది మాత్రం ఆ తీగకు ఒక్కటీ పడలేదు. పత్రికలలో ఇట్టి వార్త మన రెండు రాష్ట్రాలలోనూ ఏటేటా చూస్తున్నాము. ప్రతి వార్త క్రింద ఎవరో ఒక పొరుగు రైతు, తెలిసి ఊరకున్నవాడు, నా వంటివాడు ఉండియే ఉంటాడని నా నమ్మకం.

ఆ తరువాత ఊరివారము కలసి పందుల నివారణకు అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టాము. అక్షరం నాది, సంతకాలు నలుబది ఏడు. పంట కాలం నూరు దినాలు. సమాధానం నాలుగు నెలలకు వచ్చింది, అప్పటికి చేలు ఎండిన కొయ్యలు. పై ఏడు ముందుగానే పెట్టుకున్నాము. ఈసారి అనుమతి వేళకు వచ్చింది. కాని తుపాకి పట్టే అర్హత ఊరిలో ఎవరికీ లేదు. పట్నం నుండి ఒక షూటరు రావాలి. ఆయన జీపుకు, మనుషులకు, భోజనాలకు ఎకరానికి మూడు వందలు చొప్పున చందా వేసుకున్నాము. రెండు రాత్రులు తిరిగి మూడు పందులను కొట్టారు. మరుసటి ఏడు చందా ఏడు వందలకు పెరిగింది. ఆ పై ఏడు ఇస్తామన్నా ఆయన దొరకలేదు. పది ఊళ్ళవారు పిలుస్తున్నారట, కార్తికం వరకు తేదీ లేదట. కార్తికానికి మా చేలలో ఏముంటుంది? "సారూ, పెండ్లికి పంతులు దొరుకుతడు గని పందికి షూటరు దొరుకుతలేడు" అన్నాడు మా సర్పంచి.

మోంటానాలో వేటగాడు లైసెన్సు కోసం చీటీలో తన పేరు వచ్చునా అని ఎదురు చూస్తాడు. ఇక్కడ రైతు వేటగాని కోసం చీటీ వేసుకొని ఎదురు చూస్తున్నాడు. ఖరీదు పెరుగుట, కొరత ఏర్పడుట రెండు చోట్లా ఉన్నవి. అక్కడ పేరు రాకపోతే ఒకాయన సెలవు దినాలు చప్పగా గడుస్తాయి, ఇక్కడ పంట పోతుంది.

ఈ మాటలన్నీ చేవెళ్ళ బాటలో ఒక చాయ దుకాణం వద్ద జరుగుతుండగా, ప్రక్కన ఫారం హౌసు గల ఒక పెద్దమనిషి కలుగజేసుకొని ఇట్లన్నాడు: "సార్, దీనికింత బాధెందుకు? గవర్నమెంటు పందుల లైసెన్సులు అమ్మితే సరి. లక్ష రూపాయలు పెట్టి కొనేవాళ్ళు నాకు తెలిసినవాళ్ళే వందమంది ఉన్నారు. ఖజానాకు డబ్బు, మాకు సరదా, మీకు పీడా విరగడ."

వినుటకు ఇంపుగానే ఉన్నది. దీనికి లోకంలో ఆధారాలూ ఉన్నవి. అమెరికాలో 1937 నాటి చట్టం ప్రకారం తుపాకులు, తూటాలపై వేసిన పన్ను వన్యప్రాణుల పోషణకు పోతుంది. వేటగాళ్ళ లైసెన్సు రుసుములూ ఆ రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పెద్ద ఆధారం. పాకిస్తానులోని చిత్రాల్, గిల్గిత్ కొండలలో మార్ఖోర్ అనే మెలికల కొమ్ముల కొండమేకను కొట్టుటకు ఏటా కొద్ది అనుమతులే వేలం వేస్తారు. విదేశీయులు లక్ష డాలర్లకు పైగా చెల్లిస్తారు. అందులో నూటికి ఎనుబది పాళ్ళు ఆ కొండ పల్లెలవారికే చెందుతుంది. ఆ సొమ్ము కోసం పల్లెవారే మేకలను కాపాడుకుంటున్నారు, వాని సంఖ్య పెరిగింది కూడ. పొరుగువాని ఖరీదైన సరదా ఊరివానికి మేలు చేసిన సందర్భం అది. కాదనుట నిజాయితీ కాదు.

అయినా ఆ పెద్దమనిషి మాటను నేను ఒప్పుకోలేను. కారణాలు మూడు.

మొదటిది, అక్కడ వేలం వేసినది అరుదైన మృగాన్ని, అది పెరగాలనే కోరికతో. ఇక్కడ మాకు కావలసినది తగ్గుట. ఒకసారి పందికి లక్ష ధర కట్టినాక, పంది తగ్గాలని కోరుకొనేవాడెవడు? లైసెన్సు అమ్మేవానికి పంది ఆదాయం. కొనేవానికి వినోదం. మక్కజొన్న మేపేది మాత్రం మేము. దొరల నాటి ఏర్పాటే రసీదుతో సహా తిరిగివస్తుంది.

రెండవది, సరదాకు వేటాడేవాడు పెద్ద కోరలున్న మగపందిని కోరుతాడు, అదీ తన సెలవు రోజున. మాకు కావలసినది కంకి పాలుపోసుకునే వేళ, ముసురుపట్టిన రాత్రి, పిల్లలతో వచ్చే మందను ఆపుట. అతని అక్కర, మా అక్కర ఒక్క రాత్రి కూడ కలియవు.

మూడవది నేల. మోంటానా మూడు లక్షల ఎనుబది వేల చదరపు కిలోమీటర్లు, అందులో జనం సుమారు పదకొండు లక్షలు. మన తెలంగాణ లక్షా పన్నెండు వేల చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కలకే మూడున్నర కోట్ల జనం. అందులోనూ మొయినాబాదు వంటి చోట చేనుకు చేనుకు నడుమ గుడిసె, కళాశాల, కోళ్ళ ఫారం, ఫారం హౌసు. నూరు మంది సరదా తుపాకులకు ఇక్కడ చోటు లేదు. గురి తప్పిన తూటా ఎవరి ఇంటిదో అడిగి పోదు.

మరి నేను కోరేదేమి? విమర్శించి ఊరకుంటే అది పండితుల పాత జబ్బు అంటారు. కనుక చెబుతాను.

పంట నూరు దినాలది కనుక, దరఖాస్తుకు వారం దినాలలో అవుననో కాదనో జవాబు రావాలి. అనుమతించే అధికారం ఊరికి దగ్గరగా ఉండాలి. కేరళ ప్రభుత్వం 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకు గౌరవ వన్యప్రాణి సంరక్షకుల హోదానిచ్చి, పంట నాశనం చేసే అడవి పందుల విషయంలో నిర్ణయాధికారాన్ని వారికి అప్పగించింది. కిటికీ ఉన్న చట్టంలోనే అది సాధ్యమైంది, కొత్త చట్టం అక్కరలేకపోయింది. నాలుగైదు ఊళ్ళకు ఇద్దరు స్థానికులను ఎంచి, శిక్షణ ఇచ్చి, గ్రామసభకు జవాబుదారీ చేయాలి. వారి వెంట అటవీ సిబ్బంది ఒకరు తప్పక ఉండాలి. బయటి షూటరు రావలసివస్తే ఆయన ఖర్చు సర్కారు భరించాలి, రైతు చందా కాదు. చంపిన పందిని పంచనామా చేసి, ఎవరికీ మాంసం దక్కకుండా పూడ్చివేయాలి. మాంసం చేతికి వస్తే రేపు పంది పేరిట జింక కూడ కూలుతుంది. మా పెదనాయన కాలపు పండుగ మళ్ళీ రావద్దనే నేను కోరుతున్నాను.

చంపుట చివరి ఉపాయంగా ఉండాలి. అంతకుముందు రైతులు ఉమ్మడిగా వేసుకునే సోలారు కంచెకు సాయం కావాలి. అది తాకినవానిని ఉలిక్కిపడేటట్లు చేస్తుంది గాని ప్రాణం తీయదు. పాడుబెట్టిన ప్రహరీ భూములలో తుమ్మ కొట్టించే బాధ్యత యజమానిది కావాలి. పంట నష్టపరిహారం ఆ పంట కాలంలోనే చేతికి రావాలి. వచ్చే పంటకు పెట్టుబడిగా పనికివస్తేనే దానిని పరిహారమనాలి.

ఊరివాని చేతికి తుపాకి ఇస్తే దుర్వినియోగం కాదా అని మీలో కొందరు తప్పక అడుగుతారు. అహింసను పాఠంగా చెప్పినవాడు తుపాకి అడుగుటయేమిటని కూడ అడుగవచ్చును. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే, నన్ను నేను అడుగుకున్నవే. నా జవాబు ఇది. తుపాకికి నంబరు ఉంటుంది, పట్టినవానికి పేరు ఉంటుంది, ప్రక్కన సాక్షి ఉంటాడు. ఊరివాని చేతిలో ఇప్పుడున్న కరెంటు తీగకు ఇవేవీ లేవు. మనం తుపాకి వద్దన్నప్పుడల్లా ఎక్కడో ఒక తీగ గట్టెక్కుతున్నది. అది పందిని, దూడను, మనిషిని వేరుచేసి చూడదు. హింస ఉండాలా వద్దా అని ఎంచుకునే అవకాశం మాకు లేదు. లెక్క ఉన్న హింసా, లెక్కలేని హింసా అన్నంతవరకే మా ఎంపిక.

మావానికి మరునాడు ఫోను చేసి నా జవాబు చెప్పాను. "మీ దోస్తుకు చెప్పు బిడ్డా, ఆయనకు చీటీ రాకుంటే దుప్పి మీద కోపం వద్దు, మోంటానా మీద కూడ వద్దు. ఆ కొండలల్ల చలికి, మంచుకు దుప్పితోని బతికేటోళ్ళు ముందు. మనం చుట్టాలం." వాడు నవ్వి "మరి నీకు చీటీ ఎప్పుడొస్తది నాయినా?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా వద్ద జవాబు లేదు.

కోత ముందు రాత్రి సంగతి చెప్పి ముగిస్తాను. రెండు జాములవేళ ఒక ఆడపంది, దాని వెనుక అయిదో ఆరో పిల్లలు గట్టు దిగి వచ్చినవి. వెన్నెలలో పిల్లల ఒంటిమీది చారలు కూడ కనబడినవి. డబ్బా వాయించాను, టార్చి వేశాను. అవి కంగారుపడి వెనుదిరిగినవి, నేను గెలిచాననుకున్నాను. కొంతసేపటికి పడమటి చేను నుండి కంకులు విరుగుతున్న చప్పుడు వినబడింది. ఆ చేను తీగమీద పడి పోయిన నా విద్యార్థిది. ఇప్పుడు వాని భార్య సాగుచేస్తున్నది. ఇద్దరు పిల్లలను ఇంట విడిచి ఆమె రాత్రి కావలికి రాలేదు. నేను డబ్బా పట్టుకొని గట్టు దాటి ఆ చేనిలోకి పోయాను. అక్కడి నుండి అదిలిస్తే అవి ఇంకొకరి చేనిలోకి పోతాయని తెలిసే పోయాను.

ఇట్టి అనుభవాలు మీ ఊళ్ళలోనూ ఉండియుంటవి. మీ ప్రాంతంలో అనుమతులు ఎట్లా వస్తున్నవో, షూటర్లు ఎంత తీసుకుంటున్నారో, సోలారు కంచె పని చేస్తున్నదో లేదో తెలిసినవారు వ్యాఖ్య వ్రాయగలరు. నా అభిప్రాయంతో విభేదించేవారు మరీ ముఖ్యంగా వ్రాయవలసినదిగా ప్రార్థన. పగటిపూట మేలుకొని ఉన్నప్పుడు తప్పక సమాధానమిస్తాను.

స్వస్తి.